పిడుగయ్య కుడిచెయ్యి

కరెంటు ఎందుకు పోదు?

ఏడాది పొడుగునా కూర్మయ్య అన్నంలో చెయ్యి పెట్టగానే పోయే కరెంటు, భార్య లక్ష్మణమ్మ పచ్చడికి మిక్సీ మీట నొక్కగానే పోయే కరెంటు, వేసవి మధ్యాహ్నం సరిగ్గా కన్నంటుకునే క్షణం కనిపెట్టి మరీ పోయే కరెంటు, ఈవేళ మాత్రం కొత్తగా కాపరానికొచ్చిన కోడలిలా గంట నుంచి ఒద్దికగా కూర్చుంది. చీపురుపల్లిలో ధనరాజు ఇంటి ముందుగదిలో, ఒంటికి అతుక్కుపోయే ప్లాస్టిక్ కుర్చీలో, తలుపురెక్కంత టీవీకి ఎదురుగా కూర్చున్న కూర్మయ్య బొమ్మని చూడడం లేదు. టీవీ అడుగున వెలుగుతున్న ఎర్రటి చుక్కని చూస్తున్నాడు. ఆరవే తల్లీ, ఒక్కసారి ఆరవే, కొబ్బరికాయ కొడతాను అని మొక్కుకుంటున్నాడు. డెబ్భై ఏళ్ళ బతుకులో ఊరి అమ్మవారికి మొక్కాడు, సింహాద్రి అప్పన్నకి మొక్కాడు, ఐదో తరగతిలో లెక్కల మేష్టారికి జ్వరం రావాలని బడిగంటకి కూడా మొక్కాడు గానీ, ఎర్రచుక్కకి మొక్కడం ఇదే మొదలు. కింద చాపమీద ధనరాజు, వాడి మోకాలికి ఆనుకుని వాడి కూతురు అరుణశ్రీ. వాడికి ముప్ఫై ఐదు, దానికి తొమ్మిది. టీవీ ముందు ఇద్దరి నోళ్ళూ ఒక్కలాగే తెరుచుకున్నాయి. తెరమీద గీతల బొమ్మలో పిడుగయ్య మబ్బుల్లో ఇనపగుర్రం తోలుతున్నాడు. రెండు చేతులతో కళ్ళెం పట్టుకుని తోలుతున్నాడు. అదే వచ్చిన చిక్కు. గోడగడియారం నిజం చెబుతోందనుకుంటే ఇంకో నలభై నిమిషాలు ఆ రెండు చేతులూ ఉంటాయి. ఆ తరవాత కుడిచెయ్యి మోచేతి కింద తెగిపోతుంది. ఆ సంగతి ఈ గదిలో కూర్మయ్యకి ఒక్కడికే తెలుసు. తొమ్మిదో ఏట చెరకు గానుగలో ధనరాజు కుడిచెయ్యి కూడా సరిగ్గా అక్కడికే పోయింది. అందుకే వాడికి ఈ ముక్క తెలియకూడదని పాతికేళ్ళ కిందట ఒక ఏర్పాటు చేశాడు కూర్మయ్య. ఆ దాచిన ముక్కనే ఇప్పుడు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, వెండిపళ్ళెంలా మెరిసే డిస్కులోకి ఎక్కించి, పార్సిల్ కట్టి పంపించాడు.

ఎవరు అడిగారు వాళ్ళని? పాత క్యాసెట్లు వాటి మానాన అవి బూజు పట్టి, చెదలు పట్టి, దిబ్బలో కలిసిపోతుంటే, చావనివ్వకుండా లేపి కూర్చోబెట్టడం ఏం మర్యాద? ఈ ధనరాజుకైనా పనీపాటా లేదా, మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నవాడు కాలిపోయిన మోటార్లు చూసుకోక, రెండేళ్ళుగా ఫోనులో వెతుకుతున్నాడట, బొమ్మ పేరు తెలియక ఇనపగుర్రం, ఇనపచెయ్యి, ఎర్రజుట్టు అని ఎవరి చేతనో ఇంగ్లీషులో కొట్టించి మరీ వెతికాడట. పొద్దున్న ఫోన్ చేసి, ‘మావా, పిడుగయ్య దొరికినాడు’ అన్నాడు. తప్పిపోయిన తోడబుట్టినవాడు దొరికినట్టే అన్నాడు. ‘నువ్వు నేకుండా సూడకూడదని పార్సిలు ఇప్పనేదు, తొరగా వచ్చీ’ అన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులురా అందామనుకుంటే ఆ పాటికే ఆటో పంపించేశాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే లక్ష్మణమ్మ చేట దులుపుతూ, ‘ఎల్లు, ఎల్లు. ఇప్పుడైనా నోరిప్పి నిజం సెప్పు ఆ పిల్లడికి’ అంది. ‘పిల్లడేటే, ఆడికి మీసం నెరుస్తన్నాది’ అన్నాడు. ‘నీకెప్పుడో నెరిసింది, బుద్దొచ్చిందేటి?’ అంది. యాభై ఏళ్ళుగా ఆవిడ అడిగే ఏ ప్రశ్నకీ జవాబు ఉండదు, అదొక విద్య.

వచ్చి కూర్చున్నాక కూడా తప్పించుకునే దారి ఒకటి దొరికింది, దొరికి పోయింది. ధనరాజు షాపులోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మొండిచేతికి తోలుపట్టీతో బిగించుకున్న ఇనపకొక్కెం ఇంకా విప్పలేదు. ఆ కొక్కెంతోనే పార్సిల్ కాగితం గీరి చీల్చాడు. లోపల రెండు డిస్కులు, వాటిమీద అంకెలు, ఒకటి, రెండు. వాడు రెండోది తీసి, ‘ఇది ముందు పెట్టాల’ అన్నాడు. ‘ఒకటి తరవాత కదా నాన్నా రెండు’ అంది అరుణశ్రీ. ‘ఈ బొమ్మకి అలగే. ముందల ఇనపసెయ్యి, తరవాత మంచిసెయ్యి. కావాలంటే తాతనడుగు.’ ఇద్దరూ కూర్మయ్య వైపు తిరిగారు. ఆ ఒక్క క్షణంలో కూర్మయ్యకి ఎంత ఆశ పుట్టిందో! రెండోది ముందు పెడితే మధ్యాహ్నం భోజనాల దాకా లాగుతుంది, తిన్నాక నడుం వాల్చవచ్చు, ఆ తరవాత బస్సు వేళయిందనవచ్చు. వెంటనే గొంతు సవరించుకుని, ‘కంపినోళ్ళు నెంబర్లు అటూ ఇటూ అంటించేసినట్టున్నార్రా’ అన్నాడు. ‘కంపెనీవాళ్ళు తప్పెయ్యరు తాతా’ అంటూనే ఆ గుంట ఒకటో డిస్కుని టీవీ ముందున్న ప్లేయరు పెట్టె నోట్లోకి తోసేసింది. ఇంగ్లీషు బడికి పంపిస్తే ఇదే వస్తుంది. తమ కాలంలో పెద్దవాడు అబద్ధం చెబితే పిల్లలు నోరెళ్ళబెట్టి వినేవారు, అంత మర్యాద ఉండేది.

అవును, ఎంత బాగా వినేవారు! తెరమీద ఇనపగుర్రం రెక్కలు విదిలిస్తుంటే ఆ చప్పుడులో కూర్మయ్యకి చీపురుపల్లి స్టేషన్లో పాసింజరు బండి ఆగిన చప్పుడు వినిపించింది. విజయనగరంలో అద్దెకిచ్చేవాడి దగ్గర టీవీ, డెక్కు, క్యాసెట్లు తీసుకుని, టీవీని బొంతలో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, బండి దిగి, ఊరి నుంచి వచ్చిన ఎడ్లబండి మీద ఎక్కించి, ‘నెమ్మదిరా గంగులూ, గోతులున్నాయి’ అని బండివాణ్ణి దారంతా తిడుతూ తీసుకొచ్చేవాడు. సాయంత్రం బడి వరండాలో ఆట. పెద్దవాళ్ళకి వేరే బొమ్మలు, పిల్లలకి ఈ గీతల బొమ్మ. ఆ బొమ్మలో మనుషులు మాట్లాడేది ఇంగ్లీషో మరోటో ఎవడికి తెలుసు, అరవైమంది పిల్లలు కూర్చుని, ‘ఏటంటన్నాడు మావా, ఏటంటన్నాడు?’ అని చెవులు కొరికేవారు. ఐదో తరగతి దాకా చదివి, జముకుల కథలు చెప్పేవాళ్ళ వెనకాల ఊరూరా తిరిగిన కూర్మయ్యకి అంతకంటే ఏం కావాలి? కందిపుల్ల ఒకటి పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాడు. తెరమీద వాళ్ళ నోళ్ళు కదిలితే చాలు, మాట కూర్మయ్యది. ఎర్రజుట్టు కుర్రాడికి పిడుగయ్య అని పేరు పెట్టింది కూర్మయ్య. గుడ్లగూబ మొహంవాడి కోట సాలూరు ఘాటీ అవతల ఉందన్నది కూర్మయ్య. ఇనపగుర్రం సాలూరు లారీల ట్యాంకుల్లోంచి చప్పుడు కాకుండా డీజిలు పీల్చేసుకుంటుందనీ, ఘాటీ మధ్యలో బండి ఆగిపోయిన డ్రైవర్లు క్లీనర్లని కొడతారనీ, పాపం అందులో క్లీనర్ల తప్పేమీ లేదనీ చెప్పింది కూర్మయ్య. ప్రతి యుద్ధానికీ ముందు పిడుగయ్య తాగే పచ్చటి మందు చోడి అంబలే అని చెబితే, ఆ ఏడాది ఊళ్ళో ఆడవాళ్ళు కూర్మయ్యకి దణ్ణం పెట్టారు, పిల్లలు అంబలి కుండలు నాకి పెట్టారు మరి. ఇప్పుడు చూడు.

‘ఆడి పేరు పిడుగయ్య కాదు తాతా, రోల్డన్. కింద రాస్తన్నాడు కదా, కనిపించట్లేదేటి?’

కనిపిస్తోంది, కనిపించకేం. బొమ్మ అడుగున చీమల బారులాగా ఇంగ్లీషు అక్షరాలు పాకుతూనే ఉన్నాయి, ఈ పిల్ల వాటిని ఒక్కదాన్ని కూడా తప్పిపోనివ్వకుండా పట్టి చంపుతోంది. గుడ్లగూబ పక్కనుండే తెల్లకొప్పు ఆవిడ పిడుగయ్యకి అత్త కాదట, సేనాధిపతి అట. ఆవిడ అల్లుణ్ణి తిండికి పిలవడం లేదట, లొంగిపొమ్మంటోందట. ఆ సీనులో కూర్మయ్య చెప్పిన అత్తాఅల్లుళ్ళ సరసానికి వరండా స్తంభాలు పట్టుకుని నవ్విన ఆడవాళ్ళున్నారు. ‘అయితే ఆవిడ ఆడికి బొబ్బట్లు సేసి పెట్టనేదా?’ అని ధనరాజు అడిగాడు, నిజంగానే దిగులుగా. ‘అవి బాంబులు నాన్నా.’ ధనరాజు నవ్వి, తల వెనక్కి తిప్పి, ‘ఏటి మావా, బాంబులట!’ అన్నాడు. ఆ నవ్వులో తప్పు పట్టడం లేదు, ఇంకా లేదు. అదే కూర్మయ్యకి మరీ ఒళ్ళుమంటగా ఉంది. తిట్టేవాడైతే తిరిగి తిట్టవచ్చు, నమ్మినవాణ్ణి ఏం చేస్తాం? ఇంకా ముప్ఫై నిమిషాలు. ఎర్రచుక్క నిక్షేపంగా ఉంది. ఈ ఊళ్ళో గాలి తగిలితే తెగే తీగలన్నీ ఏమయ్యాయి, తీగమీద కూర్చునే కాకి ఒక్కటైనా ఎండకి సొమ్మసిల్లి పడదేం?

అన్నిటికీ మూలం ఎవడో సాలూరు లారీ డ్రైవరు. వాడే గనక పెళ్ళికో పేరంటానికో తీసుకుపోయిన క్యాసెట్టు చెప్పిన రోజుకి తిరిగి ఇచ్చుంటే కూర్మయ్య ఇవాళ ఇంట్లో మజ్జిగ తాగుతూ ఉండేవాడు. అద్దె కొట్టువాడు ఒక క్యాసెట్టు చేతిలో పెట్టి, ‘దీని జోడు సాలూరు లారీ ఆయన దగ్గరుంది, వచ్చాక ఇస్తాను’ అన్నాడు. జోడు అన్నాడే గానీ, ముందుదో వెనకదో చెప్పలేదు. కాగితం చిరిగిపోయి అంకె లేదు. చేతికి మొదట వచ్చిందే మొదటిది కదా అనుకున్నాడు కూర్మయ్య, ఎవడైనా అదే అనుకుంటాడు. ఆట ముందుగా చూసుకునే వీలు కూడా లేదు, అద్దె ఒక్క పూటకే. పిల్లలతో పాటే తనూ చూడడం, చూస్తూనే చెప్పడం. ఆ క్యాసెట్టులో పిడుగయ్యకి గడ్డం ఉంది, కుడిచెయ్యి ఇనపది. పుట్టుకతో వచ్చిన శాపం అని చెప్పాడు. గబగబా నోటికొచ్చింది, చెప్పాడు. తప్పా? చెప్పాక ముందువరసలో కూర్చున్న ధనరాజుని చూశాడు. గానుగ దగ్గర ఆ పని జరిగి అప్పటికి ఎనిమిది నెలలు. చొక్కా కుడిచేతిని గురమ్మ పిన్నీసుతో భుజానికి మడిచి కుట్టినట్టు పెట్టేది. కొడుకు మొండిని ఎవరూ చూడకూడదని ఆ తల్లికి. అంతవరకూ వాడు బడికి రావడం మానేశాడు, గోలీలాటకి రావడం మానేశాడు, అడిగినా మాట్లాడేవాడు కాదు. ఆ సాయంత్రం మాత్రం తెరమీద ఇనపచెయ్యి పిడుగుని ఒడిసిపట్టి మింగినప్పుడు లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు ‘కూకోరా’ అని అరిచినా కూర్చోలేదు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. మూడు నెలలకి జోడు వచ్చింది. మాఘమాసం, వరండాలో అరవైమంది, అరుగులమీద ఇంకో నలభైమంది. మీట నొక్కగానే గడ్డం లేని పిడుగయ్య, పాలబుగ్గల పిడుగయ్య, రెండు మంచి చేతుల పిడుగయ్య. కందిపుల్ల గాల్లోనే ఆగిపోయింది. ఒక్క చూపులో అర్థమైపోయింది కూర్మయ్యకి, ఇదే మొదటిది, మొన్న ఆడించింది రెండోది. అప్పుడైనా, ‘ఒరే పిల్లలూ, పొరపాటైపోనాదిరా, ముందుది వెనక వచ్చిందిరా’ అంటే ఏం పోయేది? కాస్త నవ్వేవారు, అంతే. కానీ కథ చెప్పేవాడు తడబడ్డాక మళ్ళీ ఆ ఊళ్ళో నోరు విప్పగలడా? కందిపుల్ల కిందికి దిగేలోగా కథ దిగిపోయింది నాలుక మీదికి. శాపం తీరాలని పిడుగయ్య శ్రీముఖలింగం వెళ్ళాడనీ, వంశధారలో నలభై రోజులు మునిగాడనీ, గడ్డం రాలిపోయి పడుచుదనం వచ్చిందనీ, ఇనపచెయ్యి ఊడి నీళ్ళలో పడిపోయి దాని చోట మొక్క మొలిచినట్టు వేలు తరవాత వేలు మంచిచెయ్యి మొలిచిందనీ చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. అందరూ తెర చూస్తున్నారు. ధనరాజు ఒక్కడూ తెర చూడడం లేదు, పిన్నీసు విప్పుకుని, చొక్కాచేతిలోంచి మొండిని బయటికి తీసి, దానివైపు చూసుకుంటున్నాడు.

ఇరవై నిమిషాలు. నోరెండిపోతోంది. ‘అమ్మలూ, కాసిని మంచినీళ్ళు’ అన్నాడు. ఆ పిల్ల బొమ్మని ఆపేసి మరీ తెచ్చి ఇచ్చింది. వేలితో ఇలా నొక్కితే పిడుగయ్య గాల్లో కాలెత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. ఇంకోసారి నొక్కితే కదిలాడు. ఆ రోజుల్లో ఇదే ఉంటే, ఆపి, ఆలోచించుకుని, తాంబూలం వేసుకుని, నిమ్మళంగా మరో మంచి అబద్ధం అల్లుకునేవాడు కదా! ఆ రోజు అలాంటి వెసులుబాటేదీ? ఆట ఆఖరికొచ్చింది. కోటగోడమీద గుడ్లగూబ కత్తి ఎత్తాడు. అదిగో, మొలిచిందని ఇందాకే ఊరందరి ముందూ చెప్పిన చెయ్యి తెగబోతోంది. తెగుతుందని ఎలా తెలిసిందంటే, తెలిసింది, రెండోదాంట్లో ఇనపచెయ్యి ఊరికే వస్తుందా? పంచె జారుతున్నా చూసుకోకుండా టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. చిన్న టీవీ, పంచె చాటుకి సరిపోయింది. కాలి బొటనవేలితో తీగ లాగేశాడు. ‘డెక్కు ఏడెక్కిపోనాదర్రా! ఇంకాడిస్తే పేలిపోతాది, గాజుపెంకులు కళ్ళల్లో గుచ్చుకుంటాయి, పారిపొండి!’ అరవైమంది చెప్పులు వదిలేసి పారిపోయారు. ఆ తరవాత ఆ క్యాసెట్టుని ఊళ్ళో ఇంకో ఐదుసార్లు ఆడించాడు, ధనరాజు కాళ్ళావేళ్ళా పడితే ఆడించాడు. ఐదుసార్లూ డెక్కు సరిగ్గా అక్కడే వేడెక్కింది. ‘ఈ బొమ్మకి డెక్కు తట్టుకోదురా, పిడుగులెక్కువ’ అన్నాడు. నమ్మారు.

ఇదిగో, ఇప్పుడు పోయింది కరెంటు.

ఫ్యాను నిట్టూర్చింది. వీధిలో ఎవరిదో పిండిమర మధ్యలో ఆగింది. కూర్మయ్య గుండె గాలిపటంలా పైకి లేచింది, అప్పన్నా, నిదానంగానైనా విన్నావురా తండ్రీ అని చేతులు జోడించబోయాడు, అంతలో బల్లకింద ఏదో టక్కుమంది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. టీవీ అసలు ఆరనే లేదు, కన్నయినా ఆర్పలేదు. ‘ఇన్వర్టర్ తాతా’ అంది అరుణశ్రీ. ‘నాన్నే బిగించినాడు.’ బిగించక, వాడికి రానిదేముంది. ఎడమచేత్తో రాగితీగ చుట్టి, కుడిపక్క కొక్కెంతో అచ్చుని తొక్కిపెట్టి, రెండు చేతులవాళ్ళు మధ్యాహ్నానికి చేసే మోటారు వీడు టిఫిను వేళకి చేసేస్తాడు. ఆ కొక్కెం కూడా కొన్నది కాదు. ఇరవయ్యో ఏట పనికిరాని పంపుసెట్టు ముక్కలతో తనే చేసుకున్నాడు, చేసుకుని ఊళ్ళోకొచ్చి అందరికీ చూపించాడు. కూర్మయ్యకి చూపించినప్పుడు కూర్మయ్య బాగుందిరా అని కూడా అనలేదు. దొడ్లో పనుందని వెళ్ళిపోయాడు.

ఎందుకంటే నది. ఆ నది సంగతి తలుచుకోకూడదని ఇన్నేళ్ళూ అబద్ధం మీద అబద్ధం వేసుకుంటూ వచ్చాడు, తెరమీద పిడుగయ్య ఏదో వాగు దాటుతుంటే నీళ్ళ చప్పుడు తిన్నగా వచ్చి చెవిలో పడింది. రెండో ఆట అయిన వారానికి పొద్దున్నే గురమ్మ ఏడుస్తూ వచ్చింది, పిల్లడు కనిపించడం లేదని. కూర్మయ్యకి అడగక్కర్లేకపోయింది. పాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని శ్రీముఖలింగం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఇసకలో కాళ్ళు కూరుకుపోతుంటే పరిగెత్తాడు. నది మధ్యలో వాడు. మాఘమాసపు వంశధార, మోకాల్లోతు నీళ్ళు, మునగాలంటే పడుకోవాలి. పడుకుంటున్నాడు, లేస్తున్నాడు, ఎడమచేత్తో ముక్కు మూసుకుని మళ్ళీ పడుకుంటున్నాడు, లేచిన ప్రతిసారీ మొండిని ఎండలోకి ఎత్తి చూసుకుంటున్నాడు. కూర్మయ్యని చూసి భయపడలేదు. ‘నలభై రోజులు ఉండనేను కదా మావా, అమ్మ కొడతాది. నలభై మునకలేస్తే సాల్దా?’ అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అప్పుడు చెప్పాల్సింది. నది నడిమధ్యన ఎవరూ వినేవాళ్ళు లేరు, పోయే పరువు లేదు, ఒక్క మాట, అబద్ధంరా అని. కూర్మయ్య ఏం చేశాడు? ఒడ్డున ఇసకలో కూలబడ్డాడు. ‘ఎన్నయినాయిరా?’ అన్నాడు. ‘ఇరవైమూడు.’ ‘కానీ మరి’ అని, ఇరవైనాలుగు నుంచి తనే లెక్కపెట్టాడు. నలభై అయ్యాక తలతుడిచి, జంతికలు కొనిపెట్టి, ‘టైము పడతాదిరా, మొక్కయినా ఒక్క పూటలో మొలవదు కదా’ అన్నాడు. ఆ మాట చెప్పినందుకు లక్ష్మణమ్మ మూడు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయేది. వాడు ఎన్నాళ్ళు చూసుకున్నాడో, ఎప్పుడు మానేశాడో కూర్మయ్యకి తెలియదు. అడగలేదు. పాతికేళ్ళలో పదివేల మాటలు ఆడుంటాడు వాడితో, వానల గురించి, బెల్లం గురించి, మోటార్ల గురించి. అది మాత్రం అడగలేదు.

పది నిమిషాలు. కోట వచ్చేసింది. ఇప్పుడు, ఈ చెమటలో, ఈ దిక్కుమాలిన కుర్చీలో, మరో సంగతి తట్టింది కూర్మయ్యకి. తట్టి, తనమీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఇంకా ముందే ఎందుకు తట్టలేదు? ఆ బొమ్మ గీసినవాళ్ళు ఎవరో, ఏ దేశంవాళ్ళో, వాళ్ళకి ధనరాజు తెలియదు, గానుగ తెలియదు. అయినా సరిగ్గా వాడికోసమే గీసినట్టు గీశారు. ముందు చెయ్యి పోతుంది, తరవాత ఇనపచెయ్యి పెట్టుకుంటాడు, ఆ చేత్తోనే పిడుగులు పట్టుకుంటాడు, ఆ చేత్తోనే గెలుస్తాడు. ఉన్నది ఉన్నట్టు చూపించి ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని పక్కన నిలబడితే చాలు. బంగారంలాంటి కథని తలకిందులు చేసి, ఇనపచెయ్యిని శాపం చేసి, ఉన్న చెయ్యి పట్టుకుని ముందుకు పోవలసిన పిల్లాణ్ణి నీళ్ళలో ముంచి, రాని చెయ్యి కోసం ఎదురుచూడమన్నాడు. అయినా వాడు కొక్కెం చేసుకున్నాడు. కథ సాయం చెయ్యలేదు, కథకి ఎదురీది చేసుకున్నాడు.

గుడ్లగూబ కత్తి ఎత్తాడు. కూర్మయ్య మోకాళ్ళు ఆయన్ని అడగకుండానే లేచాయి. లేచి, వెళ్ళి, టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. పంచె అటూ ఇటూ సాగదీశాడు కూడా. కానీ ఇది తలుపురెక్కంత టీవీ. ఆయన కుడిభుజం పక్కనించి గుడ్లగూబ, ఎడమభుజం పక్కనించి పిడుగయ్య కనిపిస్తూనే ఉన్నారు.

‘తాతా, అడ్డం తప్పుకో! కింద అక్షరాలు కనిపించట్లేదు!’

‘ఏటైంది మావా?’

‘ఏడెక్కిపోనాదిరా’ అన్నాడు కూర్మయ్య. ‘సెయ్యి పెట్టి సూడు, పెట్టె కాలిపోతన్నాది.’

ధనరాజు లేవలేదు. ఎడమచెయ్యి చాచి డిస్కు పెట్టెమీద ఆనించి, కాసేపు ఉంచాడు. తల ఎత్తి కూర్మయ్య మొహంలోకి చూశాడు. గానుగలూ మోటార్లూ విప్పి చూసే కన్ను అది, ఎక్కడ కాలిందో వెతుకుతుంది.

‘సల్లగానే ఉన్నాది. కూకో మావా.’

కూర్మయ్య కూర్చున్నాడు. ఏముందిక, కత్తి దిగింది. ఎర్రరంగు ఎక్కువ లేదు, పిల్లల బొమ్మ కదా, తెల్లటి మెరుపు ఒకటి, అంతే. చెయ్యి కోటగోడ మీంచి పడిపోయింది. పిడుగయ్య అరవలేదు. మోకాళ్ళమీద కూలబడి, ఎడమచేత్తో కళ్ళెం వెతుక్కున్నాడు. అడుగున పాకిన అక్షరాల్ని అరుణశ్రీ చదివింది, గొంతు తగ్గించి. ‘గుర్రం ఎక్కిపోదాం, ఇంకో సెయ్యుంది అంటన్నాడు నాన్నా.’ తెర నల్లబడి పేర్లు వచ్చాయి, పాట వచ్చింది.

‘ఆ పొద్దు డెక్కు ఏడెక్కనేదురా’ అన్నాడు కూర్మయ్య. ‘నేనే కాలితో తీగ లాగీసినాను. ఇది ముందుది. అది వెనకది. అద్దె కొట్టోడు తిరగేసి ఇచ్చినాడు, నాకు తెల్దు, తెలిసినాక కూడా సెప్పనేదు. సెయ్యి మొలవడం నా నోటిదే. బొమ్మలో నేదు.’

ధనరాజు రిమోటు అందుకుని పాట చప్పుడు తగ్గించాడు. ‘వంశధార కాడికి వచ్చినప్పటికే తెలుసా?’

‘తెలుసు.’

‘తెలిసే ఒడ్డున కూకుని లెక్కపెట్టినావా?’

‘పెట్టినాను.’

‘నలభై.’

‘నలభై ఒకటి’ అన్నాడు కూర్మయ్య. ‘మద్దిలో నేనొకటి తప్పినానేమోనని, ఇంకోటి ఏయించినాను.’

‘ఏటి మనిషివి మావా నువ్వు!’ ధనరాజు చేతిలోని రిమోటుని చాపమీద విసిరాడు. మూత ఊడి బ్యాటరీలు దొర్లుకుంటూ పోయాయి. వీడు కోప్పడగా కూర్మయ్య ఎప్పుడూ చూడలేదు. ‘రెండేళ్ళు సూసుకున్నాను. పొద్దున్న లెగిస్తే అదే పని, దుప్పట్లోనే సూసుకునీవోణ్ణి. దురద పుడితే వేలొస్తన్నాదనుకునీవోణ్ణి. ఏటి మనిషివి!’ లేచి గుమ్మం దాకా వెళ్ళాడు, వీధిలోకి చూశాడు, ఎండకి కళ్ళు చికిలించాడు. అరుణశ్రీ బ్యాటరీలు ఏరుకొచ్చి, తండ్రిని చూసి, తాతని చూసి, ఎందుకైనా మంచిదని గోడకి జరిగింది.

ధనరాజు తిరిగొచ్చాడు. పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుని ఒకటో డిస్కు తీశాడు. రెండోదాన్ని కొక్కెం మొనకి తగిలించి, దుమ్ము ఊది, లోపలికి తోశాడు.

‘ఇనపసెయ్యితో ఆడేటి సేసినాడో నేను సరిగ్గా సూడనేదు మావా’ అన్నాడు, వెనక్కి తిరగకుండానే. ‘పిడుగు పట్టింది గుర్తు. ఆ తరవాత ఎన్నిసార్లు ఆడించమన్నా, మంచిసెయ్యి బొమ్మే ఆడించమన్నాను. నువ్వు నోరు మూసుకుని కూకో. ఈపాలి నువ్వు సెప్పకు.’

కూర్మయ్య నోరు మూసుకున్నాడు. తెరమీద గడ్డం పిడుగయ్య కమ్మరికొలిమి ముందు కూర్చుని, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని, కాలిన ఇనుముతో తన కుడిచెయ్యి తనే చేసుకుంటున్నాడు. ఇది కూర్మయ్యకి అసలు గుర్తే లేదు. ఆ రోజు ఈ ముక్కమీద ఏ శాపం కథో చెబుతూ తనూ చూడలేదన్నమాట. ధనరాజు మెడ చాచి, సుత్తి దెబ్బ దెబ్బకీ తల ఊపుతున్నాడు, తోటి పనివాడి పని చూస్తున్నట్టు. అప్పుడు బల్లకింద కీచుమని మొదలైంది, కీచు, కీచు, ఆగి ఆగి, పుల్ల గుచ్చుకున్న పిచ్చికలాగా.

‘నాన్నా, ఇన్వర్టర్ అరుస్తన్నాది. సార్జింగు అయిపోతన్నాది.’

‘అవనీ’ అన్నాడు ధనరాజు, కళ్ళు తిప్పకుండా.

అవనియ్యడమేమిటి? గంట నుంచి ఆరమని మొక్కుకున్న ఎర్రచుక్కని చూశాడు కూర్మయ్య. అది సన్నగా వణుకుతోంది. కొలిమిలో చెయ్యి ఇంకా సగమే అయింది, వేళ్ళు పెట్టాలి, పిడుగు పట్టాలి, బోలెడుంది. పంచె ఎగ్గట్టి, నొప్పుల మోకాళ్ళతో గుమ్మంలోకి పరిగెత్తి, ఆగిపోయిన పిండిమర వైపూ, స్తంభాల వైపూ, తీగమీద నిక్షేపంగా కూర్చున్న కాకి వైపూ చూసి, వీధి వీధంతా తలుపులు తెరుచుకునేలా అరిచాడు.

‘ఒరే, ఎవడ్రా అక్కడ! కరెంటు ఎందుకు రాదు?’